డెల్రిన్ కడ్డీ నుంచి ట్రంపెట్ మౌత్‌పీస్: లేత్ మీద చేసుకునే పద్ధతి

డిసెంబరులో క్రిస్మస్ పాటలతో ఇంటింటికీ తిరిగే రాత్రుల్లో, బెంగళూరు చలికి ట్రంపెట్ వాయించేవారు పడే మొదటి కష్టం శ్రుతిది కాదు, ఇత్తడిది. పదహారు డిగ్రీల చలిలో సంచిలోంచి తీసిన మౌత్‌పీస్‌ను ఆనించగానే పెదవి కొయ్యబారిపోతుంది. రెండు పాటలు పూర్తయ్యేదాకా పై స్వరాలు పలకవు. పెళ్ళి బ్యాండు మేళాల్లో వాయించేవారి బాధ వేరు. ఏళ్ళ తరబడి వాడిన మౌత్‌పీస్ మీద వెండిపూత అరిగి, కింది ఇత్తడి బయటపడి, చిలుము పట్టి, వాయించినంతసేపూ నోట్లో ఆ చేదు నిలుస్తుంది; కొందరికి పెదవి చుట్టూ దద్దుర్లు కూడా వస్తాయి. పీణ్యలోని ఒక టూల్‌రూమ్‌లో టర్నర్‌గా పనిచేస్తూ, ఆదివారాల్లో తెలుగు ఆరాధనలో ట్రంపెట్ వాయించే నేను ఈ రెండు బాధలనూ దగ్గర నుంచి చూశాను కాబట్టి, యజమాని అనుమతితో, షిఫ్టు ముగిశాక, పాత హెచ్.ఎం.టి. లేత్ (ముక్కను గిరగిరా తిప్పుతూ టూల్‌తో కోసే యంత్రం) మీద ప్లాస్టిక్ మౌత్‌పీస్‌లు చేయడం మొదలుపెట్టాను. లేత్ మీద కొంత చేయి తిరిగినవారు, లేదా అలాంటి టర్నర్ స్నేహితుడు ఉన్న వాద్యకారులు ఈ పనిని రెండు మూడు సాయంత్రాల్లో పూర్తి చేసుకోగలరు. ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా భాగాల పేర్లు. పెదవి ఆనే గుండ్రటి అంచును రిమ్ అనీ, దాని లోపలి గిన్నెను కప్ అనీ, కప్ అడుగున ఉండే సన్నటి రంధ్రాన్ని త్రోట్ అనీ, అక్కడి నుంచి చివరిదాకా క్రమంగా వెడల్పయ్యే దారిని బ్యాక్‌బోర్ అనీ, ట్రంపెట్‌లోకి దూరే వాలు కాడను షాంక్ అనీ అంటారు. వీటిలో మూడు చోట్ల మిల్లీమీటరులో పదో వంతు కూడా లెక్కలోకి వస్తుంది: రిమ్ లోపలి అంచు, త్రోట్ వ్యాసం, షాంక్ వాలు. కప్ లోతులోనూ బ్యాక్‌బోర్‌లోనూ పావు మిల్లీమీటరు అటూ ఇటూ అయినా పెద్దగా పట్టించుకోనక్కరలేదు. బయటి ఆకారం మీ ఇష్టం. అయితే కొత్తగా చేసేవారు తమ ఓపికనంతా బయటి వంపుల నగిషీ మీద ఖర్చు చేసి, షాంక్ దగ్గరికి వచ్చేసరికి ‘దూరింది కదా, చాలు’ అనుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఈ వ్యాసంలో ఆ మూడు చోట్లకే ఎక్కువ మాటలు కేటాయించడానికి కారణం అదే.

క్లారినెట్, శాక్సోఫోను మౌత్‌పీస్‌ల సంగతి అడిగేవారు ఉంటారు. కర్ణాటక సంగీత కచేరీలో శాక్సోఫోనుకు స్థానం సంపాదించిన కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) పుట్టిన కర్ణాటక నేల ఇది కాబట్టి ఆ ప్రశ్న సహజమే. కాని ఆ వాద్యాలలో రీడు (ఊదితే కంపించే సన్నటి బద్ద) ఆనే చదును, అక్కడి నుంచి కొన వరకు సాగే అతి సన్నటి వంపు లేత్ మీద వచ్చేవి కావు. వాటిని గాజుపలక మీద చేత్తో అరగదీయాలి. లేత్ ఒక్కదానితో మొదటి నుంచి చివరిదాకా అయ్యే పని ట్రంపెట్ మౌత్‌పీస్. మొదట దాన్నే చేయండి.

ఏ ప్లాస్టిక్ ఎంచుకోవాలి

నా అనుభవంలో ఈ పనికి అన్నిటికంటే అనువైనది ఎసిటాల్. డ్యుపాంట్ సంస్థ 1960లో డెల్రిన్ అనే పేరుతో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. మన దుకాణాల్లో ఏ సంస్థ ఎసిటాల్‌నైనా డెల్రిన్ అనే పిలుస్తారు. టూల్ కింద వెన్నలా తెగుతుంది, నీరు దాదాపుగా పీల్చదు, పెదవికి చల్లగా తగలదు. సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.41 గ్రాములే కాబట్టి అదే కొలతల ఇత్తడి మౌత్‌పీస్ బరువులో ఆరో వంతు మాత్రమే తూగుతుంది. తెల్లని, రంగు కలపని కడ్డీనే తీసుకోవాలి. నోటికి తగిలే వస్తువు కాబట్టి, రీసైకిల్ చేసిన నల్ల కడ్డీ ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఆక్రిలిక్ గాజులా మెరుస్తుంది, లోపలి ఆకారమంతా బయటికి కనిపిస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. కాని పెళుసు. కోసేటప్పుడు వేడెక్కితే లోపల ఒత్తిడి నిలిచిపోయి, తరువాత స్పిరిట్‌తో తుడిచిన రోజున సన్నని వలలాంటి పగుళ్ళు తేలుతాయి. నైలాన్ నీటిని పీల్చి ఉబ్బుతుంది కాబట్టి ఊపిరి తడి తగిలే చోట పనికిరాదు. టెఫ్లాన్ మరీ మెత్తన. షాంక్ బిగువుకు కాలక్రమంలో నలిగిపోతుంది. పి.వి.సి. పైపు ముక్కలతో ప్రయత్నించవద్దని గట్టిగా చెబుతున్నాను. అందులో కలిపే పదార్థాలు నోటికి మంచివి కావు, వేడెక్కితే వచ్చే పొగ ఊపిరికీ మంచిది కాదు.

ఎస్.జె.పి. రోడ్డులోనూ ఆ చుట్టుపక్కల గల్లీల్లోనూ 30 మి.మీ. వ్యాసం గల కడ్డీని అంగుళాల లెక్కన కోసి ఇచ్చే దుకాణాలు ఉన్నాయి, 100 మి.మీ. ముక్క ఒక మౌత్‌పీస్‌కు చాలు. అయితే తెల్ల నైలాన్‌కూ తెల్ల డెల్రిన్‌కూ కంటితో తేడా తెలియదు. నా రెండో మౌత్‌పీస్‌ను ఒక దుకాణంలో డెల్రిన్ అని చెప్పి ఇచ్చిన నైలాన్‌తో చేశాను. మొదటి రోజు చక్కగా కూర్చున్న షాంక్ వారం రోజుల వాయింపు తరువాత ట్రంపెట్‌లోకి సగమే దిగింది. అప్పటి నుంచి ప్రతి కడ్డీనీ ఉప్పునీటిలో పరీక్షిస్తున్నాను. 100 మిల్లీలీటర్ల నీటిలో 36 గ్రాముల ఉప్పు, అంటే ఇక కరగదు అన్నంత ఉప్పు, కలిపితే ఆ నీటి సాంద్రత సుమారు 1.2 అవుతుంది. 1.14 సాంద్రత గల నైలాన్ అందులో తేలుతుంది, డెల్రిన్ మునుగుతుంది. కడ్డీ నుంచి తీసిన చిన్న ముక్కను వేలితో నీటి లోపలికి నొక్కి, దానికి అంటుకున్న గాలి బుడగలను వదిలించి, ఆ తరువాతే తేలిందో మునిగిందో చూడాలి. మామూలు నీటిలో రెండూ మునుగుతాయి కాబట్టి ఆ పరీక్ష ఎందుకూ పనికిరాదు.

ముందు నకలు, తరువాతే మార్పు

మొదటి మౌత్‌పీస్‌కు కొలతలను ఊహించవద్దు. మీరు ఇప్పటికే వాయిస్తూ, మీ పెదవికి అలవాటైన ఇత్తడి మౌత్‌పీస్‌నే నమూనాగా పెట్టుకోవాలి. చాలామంది వాడే, బాక్ సంస్థ చేసే 7సి రకంలో కప్ లోపలి వ్యాసం 16.20 మి.మీ. అని తయారీదారు ప్రకటించిన కొలత. బాక్ ట్రంపెట్ మౌత్‌పీస్‌ల మామూలు త్రోట్ నంబర్ 27 డ్రిల్ కొలత, అంటే 3.66 మి.మీ. మొత్తం పొడవు సుమారు 87 మి.మీ., రిమ్ బయటి వ్యాసం సుమారు 27 మి.మీ. ఉంటుంది. వీటిని మీ మౌత్‌పీస్ మీద వెర్నియర్‌తో సరిచూసుకోండి. త్రోట్‌ను డ్రిల్ బిట్ల నున్నటి వెనుక భాగాలతోనో, టూల్‌రూమ్‌లో ఉంటే పిన్ గేజ్‌లతోనో కొలవాలి. ఏ పిన్ను దూరుతుందో, ఏది ఆగుతుందో చూస్తే కొలత ఆ రెండింటి మధ్యలో ఉంటుంది.

కప్ వంపును వెర్నియర్ చెప్పలేదు. పళ్ళ అచ్చు తీయడానికి దంతవైద్యులు వాడే సిలికాన్ పుట్టీని కొద్దిగా సంపాదించి, కప్‌లోకీ రిమ్ పైకీ వత్తి, గట్టిపడ్డాక తీస్తే రిమ్, కప్, త్రోట్ మొదలు అన్నీ ఒకే అచ్చులో వస్తాయి. ఆ అచ్చును పదునైన బ్లేడుతో సరిగ్గా మధ్యకు కోసి, కోసిన ముఖాన్ని గ్రాఫ్ కాగితం మీద ఆనించి, కాస్త దూరం నుంచి ఫోనుతో ఫొటో తీసి, అయిదు రెట్లు పెద్దదిగా ప్రింటు తీయించండి. ఆ కాగితం మీద పెన్సిల్‌తో గీసిన గీతే ఇక మీకు డ్రాయింగు. కొవ్వొత్తి మైనంతో అచ్చు తీసే అలవాటు కొందరికి ఉంది. మైనం చల్లారినప్పుడు ముడుచుకుంటుంది కాబట్టి ఆ కొలతను నేను నమ్మను.

రెండు టూళ్ళు

ఈ పనికి ప్రత్యేకంగా తయారు చేసుకోవలసినవి రెండే. మొదటిది కప్ కోసే ఫార్మ్ టూలు, అంటే కావలసిన వంపే కొనకు ఉన్న టూలు. 10 మి.మీ. హెచ్.ఎస్.ఎస్. (హైస్పీడ్ స్టీల్) టూల్ బిట్ కొనను, ఆ డ్రాయింగులోని కప్ వంపులో సగానికి సరిపోయేలా గ్రైండర్ మీద అరగదీయాలి. డ్రాయింగును అసలు కొలతకు తగ్గించి రేకు మీద అతికించి, ఆకురాయితో రాకి ఒక టెంప్లేటు చేసుకుంటే, టూలును దానికి ఆనించి వెలుతురుకు పట్టి చూస్తూ అరగదీయవచ్చు. వెలుతురు ఎక్కడ చొరబడుతుందో అక్కడ టూలు ఇంకా కలవలేదు. పదును చివరికి నూనెరాయి మీదే రావాలి. ప్లాస్టిక్‌కు వాడే టూలును మళ్ళీ ఇనుము మీద పెట్టకూడదు. ఈ టూలును నేను మొదట డెల్రిన్ మీద కాక అంకుడు కర్ర ముక్క మీద పరీక్షిస్తాను. మన ఏటికొప్పాక బొమ్మలకూ, బెంగళూరు పక్కనున్న చన్నపట్న బొమ్మలకూ వాడేది ఒకే చెట్టు. ఆ కర్ర పోగు కట్టకుండా నున్నగా తెగి, టూలు ఆకారాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

రెండోది బ్యాక్‌బోర్‌కు వాడే డి-బిట్, అంటే సగం తీసేయగా అడ్డకోత డి అక్షరంలా మిగిలే బిట్టు. 10 మి.మీ. సిల్వర్ స్టీల్ కడ్డీని 62 మి.మీ. పొడవున, చిన్న కొన 3.66 నుంచి పెద్ద చివర 7.8 మి.మీ. వరకు వాలుగా తిప్పాలి. కాంపౌండ్ స్లైడ్‌ను (టూలును కోణంలో నడిపే పై స్లైడును) 2 డిగ్రీలకు కొంచెం తక్కువగా, 1.9 దగ్గర పెడితే ఆ వాలు వస్తుంది. చిన్న కొనకు ముందు 3.62 వ్యాసంతో 8 మి.మీ. పొడవు గల ముక్కును వదలండి. అది త్రోట్‌లోకి దూరి బిట్టును నడి గీత మీద నిలుపుతుంది. తరువాత వాలు భాగంలో సగాన్ని మిల్లింగ్‌తోనో ఆకురాయితోనో తీసేయాలి, కాని సరిగ్గా సగానికి కాదు. సగం కంటే 0.05 మి.మీ. ఎక్కువ మిగిల్చి, ఆపైన రాతి మీద చదును చేయాలి. సగం కంటే తక్కువ మిగిలితే బిట్టు కొలత తప్పుతుంది. ప్లాస్టిక్ కోతకు దీనికి నీళ్ళు పట్టనక్కరలేదు, అంటే కాల్చి ముంచి గట్టిపరచనక్కరలేదు. పైగా అంత సన్నటి బిట్టును కాల్చి నీటిలో ముంచితే వంగే ప్రమాదమే ఎక్కువ. బ్యాక్‌బోర్ పెద్ద చివరను ఇత్తడి నమూనాలో ఉన్నంత వెడల్పుగా చేయవద్దు. ఇత్తడిలో అర మిల్లీమీటరు గోడ నిలుస్తుంది, డెల్రిన్‌లో ఒక మిల్లీమీటరు గోడ కావాలి; 7.8 అని పెట్టింది అందుకే.

కప్ వైపు

కడ్డీని మూడు దవడల చక్‌లో (ముక్కను పట్టి తిప్పే భాగంలో) 45 మి.మీ. బయటికి ఉంచి పట్టి, ముఖం ఫేసింగ్ చేసి (చదునుగా కోసి), బయటి వ్యాసాన్ని 25 మి.మీ. పొడవున 27కు తిప్పండి. 30 మి.మీ. కడ్డీకి నిమిషానికి 1500 చుట్ల దగ్గర, చుట్టుకు 0.1 నుంచి 0.15 మి.మీ. ఫీడుతో (టూలు జరిగే దూరంతో) డెల్రిన్ హాయిగా తెగుతుంది. కూలెంటు (చల్లబరిచే ద్రవం) అవసరం లేదు. గాలి ఊదితే చాలు. తెగిన పొట్టు ముక్కలుగా రాలదు, పొడవాటి రిబ్బనులా వచ్చి చక్‌కు చుట్టుకుంటుంది. అది తిరుగుతూ ఉండగా చేత్తో లాగడం వేలు పోగొట్టుకునే దారి. లేత్ ఆపి, కొక్కెంతో తీయాలి, చేతికి గ్లవ్స్ ఉండకూడదు. ఇంకొక హెచ్చరిక: ఎసిటాల్ పొట్టు అంటుకుంటే దాని మంట కంటికి సరిగా కనిపించదు, వెలువడే ఫార్మాల్డిహైడ్ పొగ కళ్ళనూ గొంతునూ మండిస్తుంది, వెల్డింగు జరిగే మూల దగ్గర ఈ పొట్టును పోగు పెట్టవద్దు.

సెంటర్ డ్రిల్ వేశాక, 3.5 మి.మీ. డ్రిల్‌తో 35 మి.మీ. లోతు వరకు వెళ్ళాలి. ప్రతి 5 మి.మీ.కు ఒకసారి డ్రిల్‌ను బయటికి తీసి పొట్టు వదిలించకపోతే లోపల వేడి పెరిగి రంధ్రం గోడ కరిగి పొరలు కడుతుంది. తరువాత నంబర్ 27 డ్రిల్ దొరికితే దానితో, లేకపోతే 3.7 మి.మీ. డ్రిల్‌తో అదే లోతుకు సరిచేయండి. డెల్రిన్ కోత తరువాత కొద్దిగా లోపలికి సర్దుకుంటుంది కాబట్టి 3.7 డ్రిల్ వేసిన రంధ్రం దాదాపు 3.66 దగ్గరికే వస్తుంది. చల్లారాక పిన్ గేజ్‌తో చూసి నమ్మండి. త్రోట్‌కు కావలసిన కొద్దిపాటి లోతు కాకుండా 35 మి.మీ. వరకు వెళ్ళమనడానికి కారణం ఉంది. తరువాత షాంక్ వైపు నుంచి వచ్చే రంధ్రం దీన్ని కలిసే చోట ఎంతో కొంత మెట్టు తప్పదు, 87 మి.మీ. పొడవులో ఆ కలయిక షాంక్ చివర నుంచి 52 మి.మీ. దగ్గర, అంటే బ్యాక్‌బోర్ లోపల పడుతుంది. అక్కడ డి-బిట్ 4.3 మి.మీ. వ్యాసంతో వెళుతుంది కాబట్టి ఆ మెట్టును తుడిచేస్తుంది. అదే మెట్టు త్రోట్‌లో పడి ఉంటే తీయడానికి దారి లేదు.

కప్‌ను ముందు 6, 10, 14 మి.మీ. డ్రిల్లులతో మెట్లుగా తవ్వి, బోరింగ్ టూల్‌తో దాదాపు ఆకారానికి తెచ్చి, గోడ మీద అర మిల్లీమీటరు మిగల్చాలి. ఇక్కడ పని ఆపి, ముక్కను ఒక రాత్రి అలాగే వదిలేయడం మంచిది. కడ్డీని తయారు చేసేటప్పుడు లోపల నిలిచిన ఒత్తిడి, తవ్విన తరువాత సడలి, కొలతను మిల్లీమీటరులో ఒకటి రెండు నూరో వంతులు మారుస్తుంది. మారాల్సింది ఈ రాత్రే మారనివ్వండి. మర్నాడు ఫార్మ్ టూలును సరిగ్గా సెంటర్ ఎత్తుకు పెట్టి, వేగాన్ని 200 చుట్లకు తగ్గించి, ఒక్కొక్క చుట్టుకు కొద్దికొద్దిగా దింపండి. గరగర శబ్దం వస్తే వేగం ఇంకా తగ్గించాలి. టూలును ఇంకా గట్టిగా వత్తడం పరిష్కారం కాదు.

రిమ్

పెదవికి తెలిసేదంతా రిమ్ లోపలి అంచు దగ్గరే తెలుస్తుంది. అక్కడ అంచు మరీ పదునుగా ఉంటే అరగంటలో పెదవి మీద గీత పడి నొప్పి పుడుతుంది. మరీ గుండ్రంగా ఉంటే స్వరం మొదలు తేటగా రాదు, పెదవి ఎక్కడ ఆనిందో వాయించేవారికి తెలియదు. సిలికాన్ అచ్చు ఫొటోలో ఈ అంచునే ఎక్కువసేపు చూడండి. చాలా రిమ్‌లలో అన్నిటికంటే ఎత్తైన చోటు నడిమధ్యన ఉండదు, లోపలి వైపుకు కొంచెం జరిగి ఉంటుంది. రిమ్‌ను నేను చిన్న గుండ్రటి కొన గల టూల్‌తో చిన్న చిన్న చదునులుగా కోసి, ఆ చదునుల మధ్య మూలలను చేతి స్క్రేపర్‌తో కలుపుతాను. లోపలి అంచు మీద బొటనవేలి గోరును అడ్డంగా జరిపితే అంచు తగలాలి, కాని గోరును గీకకూడదు.

డెల్రిన్ మెత్తనిది కాబట్టి ఇత్తడిలా బఫ్ చేసి మెరిపించడం కుదరదు. నునుపంతా పదునైన టూలు నుంచే రావాలి. ఆపైన నీటితో తడిపిన 600, 1000 నంబర్ల ఎమరీ కాగితాన్ని తేలికగా తాకిస్తే చాలు. ఇంకా ముందుకు, 2000 నంబరు దాకా వెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం. డెల్రిన్ స్వభావరీత్యా జారుడు పదార్థం. అతిగా నునుపైన రిమ్ మీద చెమట పట్టిన పెదవి నిలవదని మా బృందంలోని వారు చెప్పారు. ఆక్రిలిక్ అయితే ఈ లెక్క మారుతుంది, దాన్ని అద్దంలా మెరిపించినా పెదవి కొంత పట్టు దొరకబుచ్చుకుంటుంది.

షాంక్ వైపు

ఇప్పుడు ముక్కను తిప్పి పట్టాలి. కప్ వైపు చేసిన నడి గీతే ఇటువైపూ రావాలి. దవడలతో నేరుగా రిమ్‌ను పట్టుకుంటే గుండ్రటి కప్ మూడు మూలలుగా నొక్కుకుపోతుంది. అందుకని మందపాటి అల్యూమినియం రింగును చక్‌లోనే పట్టి, అక్కడే లోపల 27 మి.మీ.కు బోరు చేసి, ఏ దవడ ఎక్కడుందో గుర్తు పెట్టి, రంపంతో ఒక పక్క చీల్చాలి. అదే స్థానంలో మళ్ళీ పెట్టి, కప్ వైపును అందులో దూర్చి, మెల్లగా బిగిస్తే పట్టు చుట్టూ సమానంగా పడుతుంది, నడి గీత నిలుస్తుంది. రిమ్ ముఖం రింగు అడుగున రాపిడి పడకుండా ఒక కాగితం ముక్క పెట్టండి.

పొడవును 87కు ఫేసింగ్ చేసి, బయటి వైపు మిల్లీమీటరు మిగిల్చి ముతకగా తిప్పి, 3.5 డ్రిల్‌తో లోపలి రంధ్రాన్ని కలపండి. తరువాత మెట్లుగా 6.5 మి.మీ. డ్రిల్ 18 మి.మీ. లోతుకు, 5 మి.మీ. డ్రిల్ 40 లోతుకు, 4.2 డ్రిల్ 52 లోతుకు వెళితే డి-బిట్‌కు పని తేలికవుతుంది. డి-బిట్‌ను టెయిల్‌స్టాక్ (లేత్‌లో చక్‌కు ఎదురుగా ఉండే దిమ్మ) చక్‌లో పట్టి, 150 చుట్ల వేగంతో, అయిదారు మిల్లీమీటర్లకొకసారి బయటికి తీసి తుడుస్తూ పంపాలి. ముక్కు త్రోట్‌లోకి దిగి, పెద్ద చివర షాంక్ ముఖానికి వచ్చాక ఆపండి.

షాంక్ బయటి వాలును చివరికి వదిలిపెట్టడం యాదృచ్ఛికం కాదు. లోపల బ్యాక్‌బోర్ తవ్విన తరువాతే బయటి కొలత స్థిరపడుతుంది. పల్చటి గోడలోకి నేరుగా సెంటర్‌ను (టెయిల్‌స్టాక్‌లోని మొనను) నొక్కితే నోరు విచ్చుకుంటుంది కాబట్టి, అంకుడు కర్రతో ఒక చిన్న బిరడా తిప్పి బ్యాక్‌బోర్ నోట్లో పెట్టి, దానికి సెంటర్ ఆనించండి.

ట్రంపెట్ షాంక్ వాలు సుమారు ఇరవైకి ఒకటి, అంటే ప్రతి మిల్లీమీటరు పొడవుకూ వ్యాసం 0.05 మి.మీ. పెరుగుతుంది, చిన్న చివర వ్యాసం 9.8 మి.మీ. దగ్గర ఉంటుంది. కాని వాయిద్యానికీ వాయిద్యానికీ స్వల్ప తేడాలు ఉన్నాయి కాబట్టి డిగ్రీల గీతను నమ్మి కాంపౌండ్ స్లైడ్‌ను పెట్టడం కంటే, మీ ఇత్తడి మౌత్‌పీస్‌నే గేజ్‌గా వాడటం మేలు. పని మొదలుపెట్టే ముందే దాన్ని, కప్‌లో ఒక కర్ర కోన్, షాంక్ చివర టెయిల్‌స్టాక్ సెంటర్ ఆనించి, లేత్ మీద నిలబెట్టండి. టూల్ పోస్టులో డయల్ గేజ్ బిగించి, కాంపౌండ్ స్లైడ్‌ను షాంక్ వెంట 20 మి.మీ. నడిపితే ముల్లు కదలకూడదు. కదిలితే స్లైడ్ కోణం సవరించి మళ్ళీ నడపాలి. స్లైడ్ సమాంతరంగా ఉన్నప్పుడు అదే 20 మి.మీ.లో ముల్లు అర మిల్లీమీటరు కదులుతుంది కాబట్టి ఎటు, ఎంత తిప్పాలో అంచనా దొరుకుతుంది. ముల్లు నిలిచాక స్లైడ్ బోల్టులు బిగించి, షాంక్ పూర్తయ్యేదాకా వాటిని ముట్టుకోవద్దు. డి-బిట్ తయారీకి వేరే కోణం కావాలి, కనుక దాన్ని అంతకుముందే చేసి పెట్టుకోవాలి.

ఇక కోత. ఇత్తడి మౌత్‌పీస్ మీ ట్రంపెట్‌లోకి ఎంత లోతు దిగుతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ప్లాస్టిక్ షాంక్ అంతకు 2 మి.మీ. తక్కువ దిగేదాకా తిప్పి, లేత్ ఆపి, టెయిల్‌స్టాక్ వెనక్కి జరిపి, పొట్టు తుడిచి, ట్రంపెట్‌ను మెల్లగా తొడిగి చూడండి. షాంక్ మీద మెత్తటి పెన్సిల్‌తో పొడవునా మూడు గీతలు గీసి, తొడిగి, పావు వంతు తిప్పి తీస్తే, గీతలు ఎక్కడ చెరిగాయో అక్కడ తగులుతున్నట్టు. పొడవునా సమానంగా చెరిగితే వాలు సరిపోయింది. ముందు భాగంలోనే చెరిగితే వాలు చాలలేదు. ఆపైన వ్యాసంలో 0.05 తీస్తే ఒక మిల్లీమీటరు లోతుకు దిగుతుందన్న లెక్కతో చివరి కోత వేయాలి. ఇక్కడ తొందరపడి 0.1 ఎక్కువ తీస్తే షాంక్ 2 మి.మీ. అదనంగా లోపలికి పోతుంది. పోయిన పదార్థం తిరిగి రాదు.

వేడి లెక్క కూడా ఇక్కడే వేసుకోవాలి. డెల్రిన్ ఇత్తడి కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. 10 మి.మీ. షాంక్, జనవరి ఉదయపు 16 డిగ్రీల నుంచి ఏప్రిల్ ఊరేగింపు నాటి 36 డిగ్రీలకు చేరితే, ఇత్తడి గొట్టం కంటే 0.018 మి.మీ. ఎక్కువ పెరుగుతుంది. ఆ వాలులో ఇది మూడో వంతు మిల్లీమీటరు లోతుకు సమానం, వాయింపుకు అడ్డం కాదు. కాని కోత వేడిలో ఉన్న ముక్కను కొలిచి సరే అనుకుంటే తేడా ఇంతకంటే పెద్దదవుతుంది. కొలిచే ముందు పావుగంట చల్లారనివ్వండి.

వాయించి చూడటం

గోరువెచ్చటి సబ్బునీటితో బాగా కడిగి, పొట్టు నూగు ఏమీ మిగలకుండా చూసి, అప్పుడు నోట పెట్టుకోండి. మొదట మీ ఇత్తడి మౌత్‌పీస్‌తో, తరువాత కొత్తదానితో, ట్యూనింగ్ స్లైడును కదపకుండా, ఫోనులోని ట్యూనర్ ముందు అవే స్వరాలు వాయించి రాసుకోవాలి. బి-ఫ్లాట్ ట్రంపెట్‌లో కింది సి 233 హెర్ట్జ్, దాని మీది జి 349, నడిమి సి 466, పై జి 698 దగ్గర పలకాలి. అన్ని స్వరాలూ ఒకేలా కొంచెం దిగితే షాంక్ లోపలికి చాలినంత దిగలేదేమో చూడండి. కిందివి సరిగా ఉండి, పైకి వెళ్ళేకొద్దీ శ్రుతి దిగజారితే కప్ పరిమాణం ఎక్కువైంది. నా మొదటి మౌత్‌పీస్‌ను మా బృందంలోని ఒక పెద్దాయన రెండు నిమిషాలు వాయించి, “కింద బంగారంలా ఉంది బాబూ, పైన మాత్రం జారుతోంది” అన్నారు. కొలిస్తే ఫార్మ్ టూలు మిల్లీమీటరున్నర ఎక్కువ దిగినట్టు తేలింది. రిమ్ ముఖాన్ని ఆ మేరకు కోసి, రిమ్ మళ్ళీ చేశాక స్వరం నిలిచింది, అయితే మొత్తం పొడవు ఆ మేరకు తగ్గింది. కొత్త కడ్డీ తీసుకుని ఉంటే ఇంకా మేలుగా ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ప్లాస్టిక్ వల్ల నాదం చచ్చుబడుతుందన్న అనుమానం వాద్యకారుల్లో బలంగా ఉంది. నాదాన్ని ప్రధానంగా నిర్ణయించేది లోపలి గాలిదారి ఆకారం. దానితో పోలిస్తే గోడ పదార్థం తెచ్చే తేడా చిన్నది. బరువు తగ్గడం, పెదవికి వెచ్చగా తగలడం వాయించేవారికి వెంటనే తెలుస్తాయి కాబట్టి నాదం కూడా మారినట్టు తోస్తుంది. వెనక్కి తిరిగి నిలబడిన స్నేహితుడిని రెండింటినీ వినమని అడిగి నిర్ణయించుకోండి. నకలు సరిగా కుదిరిన తరువాత మార్పులు మొదలుపెట్టవచ్చు, అయితే ఒక్కో మౌత్‌పీస్‌లో ఒక్క కొలతే మార్చాలి. త్రోట్ 3.8కు పెంచితే గాలి సులువుగా పోతుంది, ఊపిరి ఎక్కువ ఖర్చవుతుంది. కప్ లోతు తగ్గిస్తే పై స్వరాలకు సాయం, కింది స్వరాలకు సన్నదనం. రెండూ ఒకేసారి మారిస్తే ఏది దేనివల్ల వచ్చిందో తేలదు.

వాడాక రోజూ గోరువెచ్చటి నీటితో, మెత్తటి బ్రష్షుతో కడగాలి. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీటిలో డెల్రిన్‌ను నానబెట్టవద్దు. క్లోరిన్ దాని పైపొరను తినేస్తుంది. ఎండలో వాయించి, తీయకుండా పెట్టెలో పెడితే ఎప్పుడైనా షాంక్ ట్రంపెట్‌లో బిగుసుకుపోవచ్చు. అప్పుడు పట్టకారు జోలికి పోకుండా, మౌత్‌పీస్ భాగాన్ని మాత్రం చల్లటి నీటిలో పది నిమిషాలు ముంచి ఉంచండి. ఇత్తడి కంటే డెల్రిన్ ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి, ఆ తరువాత చేత్తో కొద్దిగా తిప్పుతూ లాగితే వచ్చేస్తుంది.